తెరుచుకోని పేజీ

2025 మే 13, మంగళవారం, ఉదయం 9 గంటల 40 నిమిషాలు. గుంటూరు శివారులోని కోల్డ్ స్టోరేజీ వరండాలో, నీడలో, ఉష్ణోగ్రత ముప్పై ఆరు డిగ్రీలు. ఆ వరండా చివరి గదిలో మిరపకాయల తేమ, రంగు పరీక్షించడం నా ఉద్యోగం. గది తలుపు తీసి ఉంచితే తొడిమలు తీసే స్త్రీలు కనిపిస్తారు, వారి మాటలన్నీ వినిపిస్తాయి. ఘాటు లోపలికి వస్తుందని తెలిసినా నేను ఆ తలుపు మూయను. అందుకు కారణం హనుమాయమ్మ.

హనుమాయమ్మకు యాభై తొమ్మిదేళ్ళు. పుట్టింది దర్శి వైపు పల్లెలో. బడికి వెళ్ళలేదు. పెళ్ళికి ముందు ఒంగోలు దగ్గర పొగాకు గ్రేడింగ్ షెడ్డులో ఆకులు వేరు చేసేది. ఐదో తరగతి దాకా చదివిన ఒక ముసలమ్మ ఆ షెడ్డులో రోజూ దినపత్రిక పైకి చదివేదట. చదివే మనిషి చేతులు ఆకు పట్టలేవు కాబట్టి ఆమె కూలి తగ్గకుండా మిగతావారు తలా కొంత ఆకు ఆమె కట్టలో కలిపేవారట. ఆ ఆచారాన్ని హనుమాయమ్మ పొగాకు నుంచి మిరపకాయలోకి తెచ్చింది. ఈ వరండాలో పన్నెండుమంది పని చేస్తారు. ఒకరు చదువుతారు. చదవడం ముగియగానే మిగతా పదకొండుమందీ తొడిమ తీసిన కాయలు తలా ఒక దోసెడు ఆమె బుట్టలో పోస్తారు. మొదటి దోసెడు ఎప్పుడూ హనుమాయమ్మదే. ఒకసారి కుతూహలం కొద్దీ ఆమె దోసెడును నా శాంపిల్ కాటా మీద వరుసగా ఐదుసార్లు తూచాను. ప్రతిసారీ అరవై రెండు, అరవై ఐదు గ్రాముల మధ్యే వచ్చింది.

చదివే మనిషికి ఆమె పెట్టిన నియమాలు రెండు. ముందు మన జిల్లా పేజీ, తర్వాతే లోకం. చదివేవారు తమకు నచ్చనిది దాటవేయకూడదు. పేపర్లో వచ్చిందంటే ఆమెకు అది జరిగినట్టు, రాలేదంటే ఇంకా జరగనట్టు. ఈ నమ్మకం సరైనదా అని నేనెప్పుడూ ఆమెతో వాదించలేదు. కానీ ఆ వరండాలో ఎవరికైనా ఏదైనా సందేహం వస్తే, "హనుమాయమ్మ ఏమంది?" అనేదే ఆఖరి ప్రశ్న. ఆమె మాటకు అంత విలువ ఉండేది.

రెండేళ్ళుగా చదువుతున్నది స్తుతి. వయసు ఇరవై నాలుగు. డిగ్రీ మధ్యలో ఆపి పనికి వచ్చినప్పుడు కాయ పట్టుకోవడం, గోరు తగలకుండా తొడిమ విరవడం, మంట పుడితే వేళ్ళకు నూనె రాసుకోవడం, అన్నీ హనుమాయమ్మే నేర్పింది. గొంతు స్పష్టంగా ఉందని చదివే పనీ ఆమెకే ఇప్పించింది. స్తుతి ఫోన్‌లో చదివేది.

ఏప్రిల్ నాలుగో వారంలో ఒక మార్పు వచ్చింది. జిల్లా పేజీ ఆగిపోయింది.

"మన పేజీ ఏదే?" అని హనుమాయమ్మ అడిగింది.

"ఓపెన్ కావట్లేదు పెద్దమ్మా. యాప్ మార్చారు. సర్వర్ ప్రాబ్లం."

ఆ జవాబును ఎవరూ అనుమానించలేదు. అనుమానించడానికి వారి జీవితాల్లో కారణం లేదు. రేషన్ దగ్గర సర్వర్ పని చేయదు, బ్యాంకులో పని చేయదు, పింఛను రోజున పని చేయదు. అలాంటప్పుడు పేపర్లో మాత్రం ఎందుకు పని చేయాలి? జిల్లా పేజీ బదులు స్తుతి ఎక్కడెక్కడి వింతలనో ఏరి చదవసాగింది. అందరూ నవ్వుకున్నారు. ఆ నవ్వుల్లో మూడు వారాలు గడిచాయి.

ఆ మూడు వారాల్లోనే ఒక సంగతి జరిగింది. నరసరావుపేట రోడ్డులోని మరో గోదాము మేస్త్రి ఆటోలో వచ్చి, పన్నెండుమందికీ దసరా దాకా పని ఇస్తానన్నాడు. అంకమ్మ వెంటనే సిద్ధపడింది. ఆమె హనుమాయమ్మ పక్కనే కూర్చుని పని చేసే మనిషి, నలభై ఐదేళ్ళది, భర్త పోయాడు, నోరు పెద్దది. హనుమాయమ్మ మాత్రం స్తుతిని పిలిచి, వాళ్ళంతా ఏసీ అని పిలిచే ఈ కోల్డ్ స్టోరేజీ గురించి అడిగింది. "మన ఏసీ గురించి పేపర్లో ఏమన్నా వచ్చిందా? మూసేస్తారనో, అమ్మేస్తారనో?"

"ఏం రాలేదు పెద్దమ్మా."

"ఏం రాలేదంట. కదలొద్దు," అని హనుమాయమ్మ మిగతావారితో అంది. ఎవరూ కదల్లేదు. ఆ మేస్త్రి ఖాళీ ఆటోతో తిరిగి వెళ్ళడం నేను కిటికీలోంచి చూశాను.

ఇక ఆ మంగళవారం. స్తుతి గోడకు ఆనుకుని చదువుతోంది. ముందు రాజకీయం. ఎక్కడో ఒక ఎమ్మెల్యే తన నియోజకవర్గంలో రోడ్డుకు మూడోసారి శంకుస్థాపన చేశాడన్నది వార్త.

"రోడ్డేదే మరి?" అంది అంకమ్మ. "ఆ పార్టీ వచ్చి ఒక రాయి పాతింది, ఈ పార్టీ వచ్చి ఒక రాయి పాతింది. ఆ రాళ్ళన్నీ పక్కపక్కన పరిచినా ఈపాటికి సగం రోడ్డయ్యేది."

"ఎవరి సొమ్ముతో అని రాశారా?" హనుమాయమ్మ అడిగింది.

"రాయలేదు పెద్దమ్మా."

"అయితే సగం వార్తే. తర్వాతది చదువు."

తర్వాతది సాంకేతిక వైఫల్యం. ఏదో ఊళ్ళో ముఖం చూసి హాజరు వేసే యంత్రం, పనికి వచ్చిన మనిషిని వదిలేసి, వెనక గోడ మీది ఫ్లెక్సీలో ఉన్న నాయకుడికి రోజూ హాజరు వేసిందట.

"అది మంచి మిషనే. పని చెయ్యని వాణ్ణి బాగానే కనిపెట్టింది," అని వెనక నుంచి ఎవరో అన్నారు. వరండా అంతా నవ్వింది.

"నవ్వుతారే మీరు," అంది అంకమ్మ. "మొన్న పింఛనుకి నా వేలు పడలా. ఈ కాయలకి గీతలన్నీ అరిగిపోయినయ్యంట. అయితే మొకం చూపించమన్నాడు ఆ కుర్రాడు. కళ్ళు ఆర్పమంది ఫోను. ఆర్పా. మళ్ళీ ఆర్పమంది. మళ్ళీ ఆర్పా. బతికున్నన్నాళ్ళూ మా ఆయన కూడా నన్ను అన్నిసార్లు కళ్ళార్పమని అడగలా!"

"చివరికి డబ్బులొచ్చినయ్యా?"

"మర్నాడు రమ్మంది. సర్వరు పడుకుందంట."

స్తుతి కూడా నవ్వింది. నవ్వి, వింత వార్తలోకి వెళ్ళింది. ఒక పెళ్ళికొడుకు బృందం ఫోన్ చూపిన దారిన పోయి వేరే పెళ్ళి జరుగుతున్న కల్యాణ మంటపంలో దిగింది. టిఫిన్లు తిని, కాఫీలు తాగి, పెళ్ళికూతుర్ని చూశాక గానీ పొరపాటు తెలుసుకోలేదు.

"టిఫిన్ ఏంటో రాశారా?" అంది హనుమాయమ్మ.

"పెద్దమ్మా! అది కూడా రాస్తారా?"

"రాయాలి. ఉప్మా అయితే ముందే తెలిసిపోవాల వాళ్ళకి, మనది కాదని."

ఈ నవ్వు ఇంకా ఆగలేదు. అప్పుడే ఎలక్ట్రీషియన్ గౌస్ బాషా కేబుల్ చుట్ట భుజాన వేసుకుని మెట్లెక్కాడు. వరండా అంతా కలియజూసి, స్తుతి దగ్గర ఆగాడు.

"నమస్తే మేడం. మోటారు ప్యానెల్ ఏ గోడకి పెట్టమంటారు?"

"మేడమా!" అంది అంకమ్మ. "ఎవర్రా నీకు మేడం? మా స్తుతా?"

"ఈవిడేగా అమ్మా. మొన్న ఆదివారం చిలకలూరిపేటలో మిషన్ డెమోకి వచ్చారు. నేనూ ఉన్నా అక్కడ. ప్యానెల్ సంగతి మేడాన్నే అడగమన్నారు ఇక్కడి సూపర్‌వైజర్ గారు."

"ఆదివారం చీరాలలో చర్చి యువజన కూటాలకు పోయానన్నావు గదే?" అంది అంకమ్మ స్తుతితో.

హనుమాయమ్మ చేతిలోని కాయ కింద పెట్టింది. "ఏ మిషనయ్యా?"

"తొడిమలు తీసే మిషనమ్మా." గౌస్ బాషా అందరి ముఖాలూ చూశాడు. ఏదో తేడా ఉందని అతనికి అప్పుడు తోచినట్టుంది. గొంతు తగ్గించాడు. "జూన్ ఒకటిన స్టార్ట్ అన్నారు. మీకు తెలుసనుకున్నా. పేపర్లో కూడా వచ్చిందిగా."

తొడిమలు విరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. గౌస్ బాషా కేబుల్ చుట్ట గోడవారగా దించి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"మన పేజీ తెరువు," అంది హనుమాయమ్మ.

"పెద్దమ్మా..."

"తెరవ్వే."

స్తుతి వేలు తెర మీద రెండుసార్లు కదిలింది. పేజీ తెరుచుకుంది. ఏ ఆలస్యమూ కాలేదు.

"ఎప్పుడొచ్చిందో అక్కడికి పో."

స్తుతి వెనక్కి జరుపుకుంటూ పోయి ఆగింది. ఎక్కడ ఆగాలో ఆమెకు తెలుసు.

"తారీఖు చదువు."

"ఏప్రిల్ ఇరవై రెండు."

"చదువు. దాటెయ్యకుండా."

స్తుతి చదివింది. అదే స్పష్టమైన గొంతు, కానీ వాక్యాల చివరలు వినబడలేదు. హనుమాయమ్మ రెండుచోట్ల ఆపి మళ్ళీ చదివించింది. ఈ కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే యంత్రం ఏర్పాటు కాబోతోందనీ, దానివల్ల కూలీల కొరత తీరుతుందనీ, రెండు షిఫ్టులకు కలిపి నలుగురు ఆపరేటర్లు సరిపోతారనీ, శిక్షణ మొదలైందనీ అందులో ఉంది. మొత్తం ఎనిమిది వాక్యాలు. పక్కన యంత్రం ఫోటో ఉందని, అడగకుండానే, స్తుతి చెప్పింది.

"కూలీల కొరతంట!" అంది అంకమ్మ. "పన్నెండుమందిమి ఇక్కడ దిష్టిబొమ్మల్లాగా కూర్చునున్నాం, కొరతంట!" ఫోన్ తీసి నరసరావుపేట రోడ్డు మేస్త్రికి కలిపింది. అందరికీ వినబడేట్టు స్పీకరు పెట్టింది. అవతల అతను నొచ్చుకుంటూనే చెప్పాడు. "అప్పుడు రమ్మంటే రాలా గదమ్మా. మాచర్ల వైపు నుంచి మనుషుల్ని తెచ్చుకున్నా. ఇప్పుడు ఒక్కళ్ళకి కూడా లేదు."

అంకమ్మ ఫోన్ పెట్టేసి స్తుతి వైపు చూడలేదు. హనుమాయమ్మ వైపు తిరిగింది.

"నీ మాట మీద ఆగాం అక్కా."

హనుమాయమ్మ తల వంచుకుని తన వేళ్ళు చూసుకుంది. ఆ ఒక్క వాక్యం అంకమ్మ అనకపోయి ఉంటే బాగుండునని నాకు అనిపించింది. కాని అందులో అబద్ధం లేదు.

"సూపర్‌వైజర్ గారు చెప్పొద్దన్నారు పెద్దమ్మా," స్తుతి ఏడుస్తోంది. "ముందే తెలిస్తే అందరూ ఎల్లిపోతారు, సరుకు ఆగిపోద్దన్నారు. నన్ను ఆపరేటర్‌గా తీసుకుంటానన్నారు. చెబితే అది కూడా పోద్దన్నారు. నేనేం చెయ్యను?"

"నిన్ను నేను చెప్పమన్నానా?" హనుమాయమ్మ గొంతు పెంచలేదు. "చదవమన్నాను. చదవడమేగా నీ పని. ఆ ఉద్యోగం నీకొచ్చింది, మంచిదే. ఆ వార్త మాది. అది కూడా నువ్వే ఉంచుకున్నావు."

"పెద్దమ్మా..."

"ఆ రోజు నేను నిన్నడిగాను. మన ఏసీ గురించి ఏమన్నా వచ్చిందా అని, పేరు పెట్టి అడిగాను. సర్వరంటే నమ్మాను. అది రోజూ పాడవుద్ది, ఎవరికి తెలియదు? నువ్వు కూడా పాడవుతావని నేను అనుకోలా."

స్తుతి ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంతకుమించి చదవడానికి ఆ రోజు ఏమీ మిగల్లేదు. అది దోసిళ్ళు పోసే సమయం. ఎవరూ లేవలేదు. పదకొండుమందీ తమ తమ కుప్పల మీదికి వంగారు. స్తుతి బుట్ట ఆమె పక్కన ఖాళీగా ఉంది. కొంతసేపటికి హనుమాయమ్మ తన కుప్పలోంచి రెండు చేతులా కాయలు ఎత్తి, మోకాళ్ళ మీద జరిగి, ఆ బుట్టలో పోసింది. రంగు పోయిన తాలు కాయ ఒకటి కనిపిస్తే ఏరి అవతల పారేసింది.

"దానికెందుకు పోస్తావక్కా?" అంకమ్మ దాదాపు అరిచింది.

"చదివింది గదా. ఇవాళ మన పేజీ చదివింది."

"నేనైతే పొయ్యను."

"నిన్ను పొయ్యమన్లా."

హనుమాయమ్మ తిరిగి తన చోటికి వచ్చి కూర్చుంది. ఆమె వేళ్ళు ఎప్పటి వేగంతోనే కదిలాయి. అన్నం వేళకు స్తుతి లేచి, చెప్పులు వేసుకుని, బుట్టను అక్కడే వదిలి వెళ్ళిపోయింది. వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగింది. వరండాలో ఎవరూ తల ఎత్తి చూడలేదు.

సాయంత్రం బుట్టలు కాటా మీదికి వచ్చాయి. పన్నెండు బుట్టలూ తూచి రాయడం ఇక్కడి మేస్త్రి బాధ్యత. ఎవరి బుట్టా వదలకూడదు. ఆఖరున అతను స్తుతి బుట్ట పట్టుకుని నా గదికి వచ్చాడు.

"సార్, పెద్ద కాటా దీన్ని తీసుకోవట్లేదు. సున్నా చూపిస్తా ఉంది. మీ చిన్న కాటా మీద పెట్టండి. ఎంతో ఒకంత రాసుకోవాలి గదా."

బుట్టలోని కాయలను శాంపిల్ పళ్ళెంలోకి ఒంపాను. పళ్ళెం బరువు తీసివేసి, అంకె నిలకడ పడేదాకా ఆగి చదివాను.

64 గ్రాములు.