కళ్ళేనికి బొట్టు

ఉదయం ఐదూ ఇరవైకి పూలమనిషి మా గేటు ముందు కేక వేసింది. అప్పుడు నేను వంటింట్లో నిలబడి గుర్రపు కళ్ళేనికి బొట్టు పెడుతున్నాను. ఆ రోజు జరగబోయే ఘోరానికి నా వైపు నుంచి ఇంకేమీ లోటు లేదు. ఈ కథ ఇదివరకు ఇద్దరం చెప్పేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కణ్ణే చెబుతున్నాను కనుక, మధ్యలో ఆపి నన్ను సరిదిద్దేవారు లేరు. మీరే ఓపిక పట్టాలి.

మా ఆవిడ రాజ్యం బడిలో లెక్కల టీచరు. ఐదడుగులు కూడా లేని మనిషి. నలభై దాటాక, గుణదల అవతల ఒక తోటలో గుర్రపు స్వారీ నేర్పుతున్నారని విని వెళ్ళి చేరింది. ఆవిడ ఎత్తుకు తగ్గట్టు చిట్టి అనే పొట్టి గుర్రాన్ని ఇచ్చారు. స్టాఫ్ రూములో అందరూ నవ్వారు.

"నవ్వనీండి. ఒక్కసారి పోటీలో దిగి, మొదటి నుంచి చివరిదాకా చేసి చూపిస్తే చాలు నాకు" అంది.

ఆ పోటీని డ్రెస్సాజ్ అంటారు. దూకడాలూ పందేలూ ఉండవు. గుర్రం మనం చెప్పిన చోట నడవాలి, చెప్పిన చోట తిరగాలి, చెప్పిన చోట ఆగాలి. ఇన్నేళ్ళ కాపురంలో నాకు పట్టుబడనివన్నీ అవే.

నాకు గుర్రం ఎక్కడం రాదు, చదవడం వచ్చు. అందుకని కడ్డీ ఎంపిక నేను తీసుకున్నాను. కళ్ళెంలో గుర్రం నోట్లో ఉండే ఇనుప ముక్కను కడ్డీ అంటున్నాను. చిట్టికి అప్పటిదాకా ఉన్నది పెళ్ళి ఊరేగింపుల రకం. రెండు పక్కలా కిందికి వేలాడే పొడుగాటి కొమ్ములు, గడ్డం కింద గొలుసు. నియమాలన్నీ చదివి, "ఇది చెల్లదు. నున్నగా, మధ్యలో కీలుతో ఉండే సాదా కడ్డీయే కావాలి" అని ప్రకటించాను.

"సరే, సైజో?"

చిట్టి నోటికి ఈ మూల నుంచి ఆ మూలకు దారం పట్టాను. నమిలేసింది. మళ్ళీ కొలిచి తెప్పించిన కడ్డీ పెద్దదై ఇటూ అటూ జారింది. తర్వాతది చిన్నదై పెదవి మూలల్ని నొక్కింది. లావుగా ఉంటే మెత్తగా ఉంటుందనుకుని ఇంకొకటి తెప్పిస్తే, చిట్టి నోరు మూయనూ లేక తెరవనూ లేక, అత్తగారి ముందు నేను నిలబడినట్టు నిలబడింది.

"ఏవండీ, నా పెళ్ళి చీరకి ఇంత వెతికారా?" అంది రాజ్యం.

చివరికి ఒకటి అమరింది. నేను చదివినట్టే, పక్కల్లో కాస్తంత ఖాళీ, పెదవి మూల చిన్న ముడత. రాజ్యం పగ్గాలు పట్టి, "ఇప్పుడు నా మాట వింటోందండీ" అంది. నా జీవితంలో అంత మెప్పు పొందిన రోజు మరొకటి లేదు.

పోటీ ముందురోజు చల్లపల్లి నుంచి అత్తగారు ఫోను చేశారు.

"అల్లుడుగారూ, కొత్త వస్తువు కదా, బొట్టు పెట్టారా?"

"అది గుర్రం నోట్లో పెట్టేదండీ."

"నోరైతే ఏంటంట? స్కూటరుకి పెట్టలేదూ? రేపు పిల్ల కిందపడితే ఎవరిదండీ పూచీ?"

దేవుడి అలమర తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో కూడా తెలియని మనిషిని. అయినా 'కిందపడితే' అన్న మాట నన్ను వదల్లేదు. తెల్లవారగానే కుంకుమ రాలిపోకుండా కొబ్బరినూనెలో తడిపి, కడ్డీ కీలులో నిండా కూరాను. రాజ్యం చూస్తే నవ్వుతుందని పైపైన తుడిచేశాను. చిట్టికి కళ్ళెం తొడిగేది ఎప్పుడూ నేనే కనుక ఆవిడ చూడలేదు.

పోటీ పామర్రు దారిలో, ఇసుక పోసిన మైదానంలో. లోపలికి పంపేముందు ఒకాయన కళ్ళెం పరీక్షించి, "రూల్ ప్రకారమే ఉందండీ. ఫిట్టింగ్ కూడా బాగుంది. ఎవరు సెలెక్ట్ చేశారు?" అన్నారు.

"నేనే" అన్నాను, అవసరానికి మించి గట్టిగా.

చిట్టి నడిచింది, తిరిగింది, ఆగింది. కడ్డీ హాయిగా ఉన్న గుర్రం దాన్ని చప్పరిస్తే నోట్లో నురగ వస్తుందని చదివాను. చిట్టికీ వచ్చింది. ఎర్రగా.

న్యాయనిర్ణేతగా కూర్చున్న పెద్దావిడ గంట కొట్టారు. "మేడమ్, దిగండి! నోట్లో బ్లడ్!"

రాజ్యం కిందికి దూకి చిట్టి పెదవి ఎత్తి చూసింది. ముఖంలో కళ లేదు. పెద్దావిడ వచ్చి తెల్ల రుమాలుతో నురగ తుడిచి వాసన చూశారు.

"కొబ్బరినూనె వాసనేంటండీ?"

"కుంకుమండీ" అన్నాను కంచె ఇవతల నుంచి.

"కుంకుమా? కడ్డీకా? ఎవరు పెట్టారు?"

మైదానమంతా నా వైపు తిరిగింది. చిట్టితో సహా.

"మావారేనండీ" అంది రాజ్యం. "పెళ్ళిపీటల మీద తప్ప నాకు మళ్ళీ బొట్టు పెట్టలేదు. గుర్రానికి పెట్టారు."

పెద్దావిడ కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. నవ్వడం అయ్యాక, కడ్డీకి ఏదీ పూయకూడదంటూ మమ్మల్ని పోటీలోంచి తప్పించారు.

తిరుగు దారిలో రాజ్యం అడిగింది. "ఆ చివరి మలుపు ఎంత బాగా తిరిగిందో చూశారా?"

"చూశాను" అన్నాను. నిజానికి నేను నురగ చూస్తున్నాను.

"వచ్చే ఏడాది మొత్తం చేస్తాను."

మళ్ళీ పోటీలు పెట్టే సమయానికి ఆవిడ లేదు.

సకల జనులకూ ఇందుమూలంగా ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ జంతువు కడ్డీకీ, కళ్ళేనికీ, డెక్కకూ నేను బొట్టు పెట్టను. పోటీ మర్నాడు రాజ్యం బడికి బయలుదేరుతూ భరిణె తెచ్చి, "ముందిక్కడ" అని నుదురు చూపించింది. అప్పటి నుంచి రోజూ పెట్టాను. వంకరగా వచ్చినా అలాగే బడికి వెళ్ళేది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ ఎవరికీ బొట్టు పెట్టడం లేదు.