మేనత్త పెట్టిన పథ్యం

పోయిన ఆదివారం పిల్లల పోరు పడలేక సూరత్ రింగ్ రోడ్డు మీద కొత్తగా తెరిచిన హోటల్‌కు వెళ్ళాం. లోపలికి అడుగు పెట్టగానే ఎదురు గోడంతా ఆకుపచ్చ రంగు, దాని మీద ఇంతింత తెల్లటి గుజరాతీ అక్షరాలు: శుద్ధ శాకాహారం, శుద్ధ ఆరోగ్యం. సరిగ్గా ఆ అక్షరాల కిందే వంటతను మంచం వెడల్పున్న పెనం మీద వెన్న గడ్డను గడ్డలాగే పడేసి, అది కరిగి పారుతుంటే అందులో పావ్ రొట్టెలను అటూ ఇటూ ఈదిస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఇల్లూ కాదు, నా హోటలూ కాదు, గోడ మీద ఎవరేం రాసుకుంటే నాకేమిటి? అయినా కుర్చీలో కూర్చున్నాక కూడా ఆ కోపం దిగలేదు. "ఏమైందమ్మా?" అని మా అమ్మాయి అడిగితే మంచినీళ్ళు తాగాను. అది నా ఒక్కదాని కోపం కాదు. సగం మా మేనత్తది.

మా మేనత్త అంటే నాన్నకు అక్క. గోడాదరాలో మా ఇంటి వెనక గల్లీలోనే వాళ్ళ ఇల్లు. కింద మరమగ్గాలు, పైన రెండు గదులు. ఆ మగ్గాల చప్పుడుకు అలవాటు పడి ఆ ఇంట్లో అందరూ ఒక మెట్టు పైనే మాట్లాడేవాళ్ళు. కొత్తవాళ్ళు విని కొట్లాడుకుంటున్నారేమో అనుకునేవాళ్ళు. మేనత్త విషయంలో చాలాసార్లు అది నిజమే. ఆమెకు పిల్లల్లేరు. కోపం మాత్రం ఇంటి నిండా ఉండేది. మామ తీరు దానికి పూర్తిగా వ్యతిరేకం. మార్కెట్లో ఒక చీరల సేఠ్ దగ్గర సరుకు చూపించే పని ఆయనది. తెలంగాణ నుంచి చీరలు కొనడానికొచ్చే వ్యాపారులకు తెలుగులో నచ్చజెప్పగలిగేవాడు కాబట్టి సేఠ్‌కు ఆయనంటే ప్రాణం. వచ్చినవాళ్ళకు చీరలతోపాటు సూరత్ తిండి కూడా చూపించడం ఆయన ఉద్యోగంలో భాగమే. పొద్దున శనగపిండి లోచో, పదకొండు గంటలకు ఫాఫ్డా జిలేబీ, మధ్యాహ్నం హోటల్లో థాలీ, సాయంత్రం సేవ్ ఖమణీ. "కస్టమర్ ముంగట నేను తినకుండ కూసుంటే వాడు మాత్రం ఎట్ల తింటడు?" అనేవాడు. అది న్యాయంగానే వినిపించేది.

మామ ముక్క ముట్టడు. ఎప్పుడో శబరిమల వెళ్ళొచ్చాక మాల తీశాడు గానీ ఆ నియమం తీయలేదు. మాంసం లేకుండా ఏ దావత్తూ జరగని మా చుట్టాల్లో అదొక వింత. పెళ్ళిళ్ళలో ఆయన విస్తరి పక్కనే గౌరవంగా ఇంత ఖాళీ వదిలేవాళ్ళు. ఆయనకూ దాని మీద కొంత గర్వం ఉండేది. "శాకాహారికి రోగం రాదు" అని నమ్మాడు, పదిమందికీ చెప్పాడు. షుగర్ వచ్చిందని డాక్టర్ చెప్పినప్పుడు ఆ కాగితం వేరే ఎవరిదో అయ్యుంటుందని వాదించాడట. మేనత్త మాత్రం ఆ రోజు నుంచే పొయ్యి పద్ధతి మార్చేసింది. అన్నం కుండ చిన్నదైంది. జొన్న రొట్టెలు, మెంతికూర వేసిన పెసరపప్పు, పలచటి ఉలవచారు, లేత పాప్డీ చిక్కుడు కాయలతో నూనె కనపడని కూర, పచ్చి ఉల్లిగడ్డ, కీరకాయ. రుచికి లోటుండేది కాదు. ఎల్లిపాయ కారం చెంచాడు పక్కన పెడితే ఆ రొట్టెకు ఇంకేం అక్కర్లేదు. మామ ఇంట్లో అదంతా బుద్ధిగా తినేవాడు. బయట మిగతాదంతా తినేవాడు. మా గల్లీలో ఆడవాళ్ళు సాయంత్రం మగవాళ్ళు ఇంటికొస్తే సారా వాసన కోసం చూసేవాళ్ళు. మేనత్త మాత్రం మామ చేతులు పట్టుకుని జిలేబీ పాకం వాసన కోసం చూసేది. మీసంలో శనగపిండి రవ్వ దొరికిందంటే ఆ రాత్రి మగ్గాల చప్పుడు మాకు వినపడేది కాదు.

కరోనా మొదటి ఏడాది అన్నీ మూసేశారు కదా. మగ్గాలు ఆగాయి. మార్కెట్ ఆగింది. ఎక్కడెక్కడి కూలీలో మూటలు నెత్తిన పెట్టుకుని కడోదరా దాకా నడిచి, హైవే మీద లారీల కోసం చూస్తున్నారని వినేవాళ్ళం. మా వాళ్ళు కొందరు ఊళ్ళకు పోయారు, కొందరు చిక్కుకుపోయారు. అందరూ ఏడుస్తున్న ఆ రోజుల్లో మేనత్త ఇంట్లో మాత్రం, ఈ మాట ఎలా చెప్పాలో తెలియదు, సుఖం కనపడింది. హోటళ్ళు లేవు, బండ్లు లేవు, కస్టమర్లు లేరు. మామకు మేనత్త వంట తప్ప వేరే గతి లేదు. మొదట్లో గునిశాడు. తర్వాత మెంతికూర తనే తుంచడం మొదలుపెట్టాడు. డాబా మీద గోలేల్లో తోటకూర, పాలకూర వేశాడు. పెసలు నానబెట్టి మొలకలొచ్చాయా అని గుడ్డ విప్పి విప్పి చూసుకునేవాడు. పొట్ట తగ్గి ప్యాంటు నిలవక, కింద మగ్గం దగ్గర దొరికిన పురికొస నడుముకు కట్టుకుని తిరుగుతుంటే మేనత్త నవ్వగా నేను మొదటిసారి చూశాను. పరీక్ష చేయిస్తే షుగర్ దిగింది. మాత్ర సగానికి తగ్గించారు. "చూసినవా? నీ రోగం నాలికె మీదున్నది, నెత్తుర్ల లేదు" అని మేనత్త అంటే మామ చేతులు జోడించి ఒప్పుకున్నాడు.

మళ్ళీ తెరిచారు. మార్కెట్ తెరిచారు, హోటళ్ళు తెరిచారు. హోటళ్ళ ముందు కొత్త బోర్డులు వెలిశాయి. రోగం రాకుండా కాపాడే థాలీ అట, శక్తినిచ్చే కాఢా కషాయం అట. గిన్నెలు అవే, నూనె అదే, దాల్‌లో బెల్లం అంతే. పేర్లు మాత్రమే డాక్టర్ చదువు చదువుకున్నాయి. ఇన్నాళ్ళకు వచ్చిన వ్యాపారులను సేఠ్ ఇంకా ఘనంగా చూసుకోమన్నాడు. మామ నడుముకు పురికొస అవసరం తీరిపోయింది. మేనత్త అరిచింది, అలిగింది, ఒకరోజు వంట మానేసింది. అది మామకు మరీ అనుకూలమైంది. మా నాన్న మధ్యవర్తిగా వెళ్ళి, "ఒక్క రోజుకు ఏం కాదక్కా, బావ కష్టపడి వస్తున్నడు" అని సర్దిచెప్పి వచ్చేవాడు. మార్కెట్లో అందరూ ఆ మాటే అనేవాళ్ళు. ప్రేమతోనే అనేవాళ్ళు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడనిది.

రెండో ఏడాది ఎండలు ముదిరేసరికి మామకు జ్వరమొచ్చింది. ఆసుపత్రిలో చేర్చుకున్నాక మనుషులను లోపలికి రానివ్వలేదు. ఆక్సిజన్ పెట్టారు, మందులిచ్చారు, ఆ మందులకు షుగర్ ఆకాశానికెక్కింది. షుగర్ దిగదు, ఆక్సిజన్ నిలవదు అని డాక్టర్లు ఫోన్లో చెప్పేవాళ్ళు. చివరిసారి ఫోన్లో మాట్లాడినప్పుడు ఏం వండావని మామ అడిగాడట. "నువ్వు రా, వండుత" అన్నదట మేనత్త. ఆయన రాలేదు. కరోనా షుగర్ ఉన్నవాళ్ళనూ తీసుకుపోయింది, లేనివాళ్ళనూ తీసుకుపోయింది. మామ పథ్యం పాటించి ఉంటే బతికేవాడని ఏ డాక్టరూ చెప్పలేదు, నేనూ చెప్పలేను. మేనత్తకు మాత్రం అనుమానం లేదు. "ఒడ్డుకు తెచ్చిన మనిషిని మల్ల గుంజుకపోయిన్రు" అనేది.

పరామర్శకు గడప దాకా వచ్చేవాళ్ళు, ఫోన్లు చేసేవాళ్ళు, అందరిదీ ఒకటే మాట: "ముక్క ముట్టని మనిషి, గంత శుద్ధంగ బతికినోడు, ఆయనకా గిట్ల?" రెండుమూడు రోజులు విన్నది. ఒక పెద్దమనిషి మాస్కు కిందికి జరిపి మరీ ఆ మాట అనేసరికి మేనత్త లేచి నిలబడింది. "ముక్క ముట్టలే. జిలేబీ ముట్టిండు. వెన్న ముట్టిండు. మైదా ముట్టిండు. మీరు తినవెట్టిన్రు, ఆయన తిన్నడు. శుద్ధం శుద్ధం అని సంపిన్రు గదా, ఇగ పోన్రి." ఆయన చెప్పులు వేసుకోవడం కూడా మరిచి మెట్లు దిగిపోయాడు. దుఃఖంలో ఏదో మాట్లాడుతోందని అందరూ క్షమించేశారు. ఆ క్షమించడం చూసి నాకు మరింత మండింది. ఆమె మతి తప్పి అనలేదు. మతి ఉండే అన్నది.

తర్వాత ఆమెకే షుగర్ బయటపడింది. మటన్ వండితే వీధి చివరికి వాసన వెళ్ళే మనిషి, ఆ రోజు నుంచి మానేసింది. "ఆయన మానింది నేను మాన్త. ఆయన మానంది సుత మాన్త" అన్నది. ఆ రెండో వాక్యమే కష్టమని మాకెవరికీ అప్పుడు తెలియదు. ఎవరింటికి పోయినా ఆమె కోసం ప్రత్యేకంగా ఆలుగడ్డ వేపుడు, పన్నీర్, పూరీలు, పైన సేమియా పాయసం. మాంసం లేదు కదా, ఇంకేం కావాలి? వద్దంటే పొగరు. తిన్నదంటే రోగం. ఆమె చేతిసంచిలో రొట్టె పెట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. చుట్టాలు దానికీ వంకలు పెట్టారు.

మా తమ్ముడి ఎంగేజ్‌మెంట్ ఆ చలికాలంలోనే. పిల్ల కడోదరాలో మిల్లు సూపర్‌వైజర్ కూతురు. ఫంక్షన్ హాల్ తీసుకోకుండా తక్కువ మందితో హోటల్లో భోజనం అనుకున్నాం. బల్లకూ బల్లకూ మధ్య ప్లాస్టిక్ తెరలు, గుమ్మంలో చేతుల మీద పిచికారీ. మేనత్త ముందే మేనేజర్ దగ్గరికెళ్ళి చెప్పింది: నెయ్యి రాయని ఫుల్కా, బెల్లం వేయని దాల్, ఉడికించిన కూరగాయలు, పచ్చి ఉల్లిగడ్డ, కీరకాయ ముక్కలు, చక్కెర లేని మజ్జిగ. అతను బాగా తలూపాడు. కంచం వచ్చింది. ఫుల్కాలు నెయ్యికి మెరుస్తున్నాయి. పన్నీర్ నూనెలో తేలుతోంది. మూలన గిన్నెలో చక్కెర కలిపిన శ్రీఖండ్. మేనత్త నెమ్మదిగానే వెనక్కి పంపింది. మళ్ళీ వచ్చింది. ఈసారి ఫుల్కాల మీది నెయ్యి గుడ్డతో తుడిచారు, తుడిచిన గీతలు కనపడుతున్నాయి. దాల్ నాలుక మీద వేసుకుని మేనేజర్‌ను పిలిచింది. అతను నవ్వుతూ వచ్చి, హిందీలో, "మాసీ, అంతా ప్యూర్ వెజ్జే కదా. ఇది హోటల్, దవాఖానా కాదు" అన్నాడు. పక్క బల్ల వాళ్ళు నవ్వారు. మా నాన్న ముఖం వియ్యాలవారి వైపు, మాట అక్క వైపు పెట్టి, "జర ఊకో అక్కా. అందరు చూస్తున్నరు. ఒక్క రోజుకు ఏం కాదు" అన్నాడు.

మేనత్త కంచం ముందుకు తోసింది. "ఏందిరా తమ్మీ, ఒక్క రోజా? మీ బావ బతుకంత ఒక్క రోజే తిన్నడురా. కస్టమరొచ్చిండు, ఒక్క రోజు. పండుగొచ్చింది, ఒక్క రోజు. సేఠు పుట్టినరోజు, ఒక్క రోజు. గా ఒక్క రోజులన్ని కూడితేనే మనిషి పోయిండు. మూడుసార్లు అడిగిన. నేను బంగారం అడిగిన్నా? ఉత్త రొట్టె అడిగిన. ఉత్త రొట్టె ఇచ్చేటోడు ఇంత పెద్ద సూరత్‌ల ఒక్కడు లేడా?"

ప్లాస్టిక్ తెరల వెనక నుంచి కూడా తలలు తొంగిచూశాయి. నాన్న తల దించుకున్నాడు. తమ్ముడు తనకు కాబోయే భార్య వైపు చూడలేక టేబుల్ గుడ్డ చూస్తున్నాడు. సంబంధం పోయిందనే నేననుకున్నాను. అప్పుడు ఆ అమ్మాయి తల్లి, అప్పటిదాకా శ్రీఖండ్ చెంచాతో కలుపుతూ కూర్చున్న మనిషి, గిన్నె పక్కకు జరిపి చిన్నగా అన్నది: "నాకు సుత షుగరున్నది వదినె. మీ ముంగట చెప్పుకునుడు సిగ్గై తింటున్న." వాళ్ళాయన ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. ఆయనకూ చెప్పలేదట. మేనత్త ఒక్క క్షణం ఆమెను చూసి, లేచి, మేనేజర్‌తో "చలో, రసోయీ చూపియ్యి" అన్నది. ఆడవాళ్ళిద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. లోపల ఏం జరిగిందో తెలియదు, మేనత్త గొంతు మాత్రం వినపడింది. కాసేపటికి పొడి ఫుల్కాలు, ఉప్పు వేసి ఉడికించిన పెసలు, కీరకాయ ముక్కలతో ఇద్దరూ బయటికొచ్చి పక్కపక్కన కూర్చుని తిన్నారు. మాకెవరికీ ఏం తినాలనిపించలేదు. పెళ్ళి జరిగింది.

నాన్న మాత్రం అక్క పరువు తీసిందని చాలా కాలం ఆ గల్లీలోకి పోలేదు. తర్వాత ఆయనకు కళ్ళు మసకబారి పరీక్ష చేయిస్తే షుగర్ ఎప్పటి నుంచో ఉందని తేలింది. ఆ మర్నాడు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా వెళ్ళి మేనత్త గడప మీద కూర్చున్నాడు. నేను మందుల చీటీ ఇవ్వడానికి వెనకే వెళ్ళాను. ఆమె ఆయన్ను చూసింది, పలకరించలేదు. పీట వాల్చి, రొట్టె, తోటకూర పప్పు పెట్టింది. "అక్కా..." అన్నాడు నాన్న. "తిను. మాట్లాడకు" అన్నది. ఆయన తిన్నాడు. ఇప్పటికీ రోజూ అక్కడే తింటాడు. చూపు నిలిచింది. ఆమె ఇప్పటికీ తిడుతూనే వడ్డిస్తుంది. మామ పేరొస్తే ఇప్పటికీ నాన్న వైపు చూడదు.

ఏళ్ళు గడిస్తే కోపం చల్లారుతుందని చిన్నప్పుడు పెద్దవాళ్ళు చెబితే నమ్మాను. ఇప్పుడు నాకే ఆ పెద్దవాళ్ళ వయసు వచ్చింది. కాలం జుట్టు తెల్లబరుస్తుంది, చూపు తగ్గిస్తుంది, పోయినవాళ్ళ గొంతు కూడా మరిపిస్తుంది గానీ, న్యాయమైన కోపం జోలికి మాత్రం రాదు.