మోకాళ్ళకు మందు రాసుకున్న వేటగాడు

సోడి కోసకు కోపం రాదు. వాడితో చిక్కంతా అదే. స్పానర్ జారి వేలు చితికినా "ఏం గాలే మిస్త్రీ" అనేవాడు. ఊరు వదిలి పోయిన రోజున కూడా నా షాపు ముందు ఆగి ఆ మాటే అన్నాడు. అలాంటి మనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మనిషన్నాక ఒకసారైనా గట్టిగా అరవాలి కదా!

నేను ఛత్తీస్‌గఢ్‌లోని దోర్నపాల్‌లో మోటార్ సైకిళ్ళు బాగుచేస్తాను. మా నాన్న సన్యాసిరావు విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి కిరండూల్ వచ్చి అక్కడే రిటైరయ్యాడు. నేను రైలు కూత వినపడని చోటు వెతుక్కుని ఇక్కడ తేలాను. పేరు శ్యామ్‌ప్రసాద్ అయినా ఈ చుట్టుపక్కల అందరికీ మిస్త్రీనే. కోస పెళ్ళికి ముందు నా దగ్గరే పంక్చర్లు వేసేవాడు. దొర్ల తెగవాడు. వాళ్ళ ఊరు భేజ్జి దాటాక రోడ్డు వదిలి అడవిలో ఇంకా లోపలికి పోవాలి. దొర్లీ, హల్బీ, హిందీ, తెలుగు నాలుగూ వచ్చు, నాలుగింట్లోనూ తక్కువే మాట్లాడతాడు.

అడవిలో తుపాకుల గొడవల కాలంలో ఆ ఊళ్ళు ఖాళీ అయిపోయినప్పుడు కోస, వాళ్ళన్న జోగ, మిగతా జనం అందరూ గోదావరి వైపు నడిచిపోయారు. కాస్త నిమ్మళించాక జోగ తిరిగొచ్చి ఇల్లు కట్టుకున్నాడు. కోస మాత్రం తెలంగాణలోనే, చర్ల దగ్గర అడవి అంచున గుడిసె వేసుకుని ఉండిపోయాడు. అక్కడే పెళ్ళి, అక్కడే పిల్లలు. మిరపతోటల్లో కూలి. వంగీ కూర్చునీ కాయ కోసి కోసి మోకాళ్ళు పాడు చేసుకున్నాడు. అక్కడ వాడు ఛత్తీస్‌గఢోడు. ఇక్కడ సంతకొస్తే ఆంధ్రావాడు. రెంటికీ చెడ్డ రేవడి అని ఊరికే అనలేదు పెద్దలు.

ఈ ఏడు వాడికి ఓపిక అయిపోయింది. నాన్న చేను దున్నుకుంటాను, పెళ్ళాం పిల్లలతో ఊళ్ళోకొస్తాను అని అన్నకు ఫోన్ చేశాడు. జోగకు చెప్పలేనంత సంతోషం. కానీ ఊళ్ళోకి రానివ్వడం జోగ చేతిలో లేదు. ఊరి పెద్ద, అంటే పటేల్, ఔననాలి. పటేల్ ఔననలేదు, కాదనలేదు. "పండుముకు రమ్మను. వేటకు రానీ. చూద్దం" అన్నాడు. కోస ఆ మాట పట్టుకుని బస్సెక్కి వచ్చాడు. దోర్నపాల్ నుంచి నా బండి మీద తీసుకెళ్ళాను.  దారి పొడుగునా నా వీపుకి వాడి గుండె దడ తెలుస్తూనే ఉంది.

విజ్జ పండుం అంటే విత్తనాల పండుగ. వానలకు ముందు ఊరివాళ్ళే గింజల బుట్టలు మోసుకెళ్ళి దేవర ముందు పెట్టి మొక్కి, ఆ తర్వాతే చేలో చల్లుతారు. ఆ పండక్కి మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి పోవాలి. దుప్పిని కొడితే జైలని అందరికీ తెలుసు. గుంపుగా విల్లులతో కనపడితే అడిగేవాళ్ళూ ఉన్నారు. అందుకని ఇప్పుడు వేట ఒక పూటకు తగ్గిపోయింది, చాలా ఏళ్ళు ఉత్త చేతులే. ఉత్త చేతులతో వస్తే ఊరి మొదట్లో ఆడవాళ్ళు కాసుకుని ఉంటారు, కుండల నిండా పేడనీళ్ళతో. వదినలు మరుదుల మీద, మరదళ్ళు బావల మీద తిడుతూ కుమ్మరిస్తారు. ఎవరి మీద ఎవరు పోయాలో వరస ఉంటుంది.

నేను మొదటిసారి వెళ్ళిన ఏడు నా మీద కూడా పడుతుందని పాత చొక్కా వేసుకుని, కళ్ళు మూసుకుని వీరుడిలా నిలబడ్డాను. జోగ పెళ్ళాం ఇర్మె చెంబుతో మంచినీళ్ళు తెచ్చి "కాళ్ళు కడుక్కో మిస్త్రీ" అంది. చుట్టాలకు పేడనీళ్ళు ఉండవు. ఆ తర్వాత ఏటా నాకు చెంబే.

కోస వచ్చిన మర్నాడు తెల్లారి బయల్దేరే ముందు జోగ నన్ను తనిఖీ చేశాడు. నా ఒంటికి పెట్రోలు వాసన జన్మలో వదలదు. జోగ తన లుంగీ ఇచ్చి, నా చొక్కా విప్పించి, చేతులకు బూడిద, ఒంటికి ఏవో ఆకులు రుద్దాడు. "మిస్త్రీ, ఇవాళ దగ్గొద్దు, తుమ్మొద్దు. మా తమ్ముని పని ఉన్నది" అన్నాడు. ఇంటివెనక నుంచి కోస వచ్చాడు. అన్న ఇచ్చిన విల్లు భుజాన ఉంది. మొహం పెళ్ళికొడుకు మొహంలా బిగిసిపోయి ఉంది.

జోగ ముందు, మేమిద్దరం వెనక. మిగతావాళ్ళు పటేల్ వెంట అవతలి గుట్ట మీదికి పోయారు. వాళ్ళు అటునుంచి అరుస్తూ తోలుకొస్తే జంతువు వాగులోకి దిగుతుంది, కాపు కూర్చున్నవాడు కొట్టాలి. వాగు ఒడ్డున మద్దిచెట్టు చాటు అన్నిటికంటే మంచి చోటు. అది జోగది. ఆ రోజు అక్కడ తమ్ముణ్ణి కూర్చోబెట్టాడు.

"మొదటి అంబు నీదే. తగిలితే మొదట కొట్టినోని మెడవాటా నీది. మెడవాటా తిన్నోన్ని ఊర్ల ఉండొద్దనేటోడు ఎవడు లేడు. పటేలైనా సరే."

"తగలకపోతే?"

"తగుల్తది. నాయన నేర్పిన చెయ్యి గాదు?"

జోగ ఇంకాస్త ముందుకెళ్ళి పొదలో దాక్కున్నాడు. నేను కోస వెనక కూలబడ్డాను. వాగులో నీళ్ళు లేవు, ఇసుక మీద ఎండుటాకులు. దూరంగా ఎక్కడో తునికాకు కోసేవాళ్ళ మాటలు వినిపించి ఆగిపోయాయి. చాలాసేపటి తర్వాత గుట్ట మీద కేకలు మొదలయ్యాయి.

దుప్పి పరిగెత్తుకు రాలేదు. సంతకొచ్చిన పెద్దమనిషిలా తాపీగా దిగింది. మగది, కొమ్ములున్నది. ఇసుకలో నిలబడి మా వైపు పక్కకు తిరిగింది. కోస విల్లు వంచాడు. నారి చెవిదాకా లాగాడు. ఇన్నేళ్ళు మిరపకాయలు కోసిన చెయ్యి అంటే నమ్మలేను. దుప్పి ఇంకొక్క అడుగు ముందుకేస్తే చాలు, మధ్యలో కొమ్మ అడ్డు తప్పుతుంది.

గాలి మా వెనకనుంచి తిరిగింది. దుప్పి తలెత్తింది, తోక లేపింది, అంతే. అంబు ఇసుకలో గుచ్చుకుంది. చెవులు పగిలేలా ఒక్క కూత పెట్టి దుప్పి అడవిలో కలిసిపోయింది.

అందరూ వచ్చి చేరారు. ఇసుకలో అంబు చూశారు, నన్ను చూశారు. ఎవరో "పెట్రోలు" అన్నారు. ఇంకొకరు ఔనన్నారు. నాకు తిక్క రేగింది. బూడిద పూసుకుని, ఆకులు రుద్దుకుని, చీమలు కుడుతున్నా కిక్కురుమనకుండా కూర్చున్నది ఇందుకా? నోరు తెరిచాను. ఈలోగా కోస లేచి నిలబడ్డాడు. ఊరుకుంటే ఆ తప్పు నా నెత్తిన పోయేది. ఊరుకోలేదు.

"మిస్త్రీ కాదు. నేను. పొద్దుగాల మోకాళ్ళకు మందు రాసుకున్న."

అప్పుడు తెలిసింది నాకా వాసన. పుదీనా, కర్పూరం కలిపినట్టు ఘాటుగా. నా ఒంటి ఆకుల కంపులో పట్టుకోలేకపోయాను.

"మందా! వేటకు వచ్చేటప్పుడా?" అన్నాడు జోగ. "చిన్నపోరగానికి తెల్వదా ఇది?"

"కుంటుకుంట నడిస్తే... చేను ఏం దున్నుతడు వీడు అంటరని."

ఎవరూ నవ్వలేదు. పటేల్ వెనక్కి తిరిగి నడిచాడు. జోగ ఇసుకలోంచి అంబు పీకి, తుడిచి, తమ్ముడికివ్వకుండా తన దగ్గరే పెట్టుకున్నాడు. అసలే ఊరివాడు కాడేమోనని అనుమానం, దానిమీద ఊరందరి వేటా చెడగొట్టాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. నాకు వాడిమీద జాలి, కోపం రెండూ ముంచుకొచ్చాయి. తిరుగుదారిలో కోస దాచుకోకుండా కుంటుతూ నడిచాడు.

"ఏం గాలే అనవేంరా ఇవాళ?" అన్నాను ఉండబట్టలేక.

"సాయంత్రం బస్సు దొరుకుతదా మిస్త్రీ?" అన్నాడు.

ఊరి మొదట్లో ఆడవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. మా ఉత్త చేతులు చూడగానే ఒకటే గోల. మొదటి కుండ పటేల్ నెత్తినే పడింది. "నక్కను కూడ కొట్టలేవా ముసలోడా" అని నందే అనే ఆయన మరదలు అరిచింది. జోగ పరిగెత్తబోయి జారిపడ్డాడు, పడ్డవాడి మీద ఇద్దరు కుమ్మరించారు. నేను మామూలుగా ఓ పక్కకు, చుట్టాలు నిలబడేచోట రాయి మీద నిలబడ్డాను.

కోస కాసేపు మధ్యలో నిలబడ్డాడు. వాడి దగ్గరికి ఎవరూ రాలేదు. చాలామంది ఆడపిల్లలకు వాడెవడో కూడా తెలియదు, వాడు పోయాక ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. మెల్లగా నడుచుకుంటూ వచ్చి నా పక్కన, రాయి మీద నిలబడ్డాడు. లుంగీ పైకి మడిచాడు, కాళ్ళు కడుక్కోవడానికి. 

ఇర్మె చెంబుతో వచ్చింది. నా కాళ్ళ మీద నీళ్ళు పోసింది. కోస తల దించుకుని దోసిలి పట్టాడు. ఇర్మె వాడి దోసిలి చూసింది, మడిచిన లుంగీ చూసింది. చెంబు నేలకేసి కొట్టింది. విసవిసా వెనక్కిపోయి నందే చేతిలోని నిండు కుండ లాక్కుని వచ్చింది.

"ఏందిరా! ఊరోళ్ళ వేటంత మందు కంపుతోని పాడుజేసి, చుట్టం లెక్క కాళ్ళు కడుక్కుంటవా? నేను నీకు వదినను గానా? నీ మీద పొయ్యకపోతె ఎవని మీద పొయ్యాలె?"

కుండ కుండంతా వాడి నెత్తిన బోర్లించింది. వరస ఏమిటో అందరికీ తెలిసిపోయింది కదా, ఇంకో ముగ్గురు నలుగురు వదినలు పరిగెత్తుకొచ్చారు. రాయి మీద నుంచి లాగేశారు. ఒకామె పేడముద్దే తెచ్చి వాడి మోకాళ్ళకు రుద్దుతూ "ఇది రాసుకో, నొప్పి పోతది" అంది. ఊరంతా అప్పుడు నవ్వింది. పటేల్ గడ్డంలోంచి పేడనీళ్ళు కారుతుండగా ఇర్మెతో "చాలు, గుడ్డివాన్ని చెయ్యకు. రేపు గింజల బుట్ట మొయ్యాలె వాడు" అన్నాడు. అన్నాక మళ్ళీ ఏమీ ఎరగనట్టు చుట్ట వెతుక్కున్నాడు.

కోస ఏం గాలే అనలేదు. నడిదారిలో కూలబడి, నోరు పెద్దగా తెరిచి, చిన్నపిల్లవాడిలా గట్టిగా ఏడ్చాడు. జోగ పక్కన కూర్చుని తమ్ముడి మొహం తుడవబోయాడు. వాడు చెయ్యి తోసేశాడు.

"తుడవకు" అన్నాడు, "ఉండనీ."

నేను రాయి దిగి బండి దగ్గరికి నడిచాను. నా కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి.