తాతలూ అవ్వలూ ఎందుకు రావడం లేదో తెలుసుకోవడానికి కట్టంగూర్ వెళ్లాను

తొంభైల మొదట్లో చౌటుప్పల్‌లో నేనూ నా భార్య రాజ్యం కలిసి ఒక కేంద్రం మొదలుపెట్టాం. ఫ్యాక్టరీ పనికి పోయే తల్లుల పిల్లలను, పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను ఒకే చోట ఉచితంగా చూసుకోవాలని మా ఆశ. మొదటి వారంలోనే పద్నాలుగు మంది పిల్లలు వచ్చారు. మూడు వారాలైనా పెద్దవాళ్లు ఒక్కరూ గడప తొక్కలేదు. ఇల్లు ఇచ్చిన ఆసామి ముసలివాళ్ల కోసమని ఇచ్చాడు కాబట్టి, నెలాఖరులోగా వాళ్లు రాకపోతే ఖాళీ చేయమన్నాడు. పిల్లలందరినీ మళ్లీ తాళం వేసిన ఇళ్ల ముందు వదిలేయాలి కదా అని నాకు దిగులు పట్టుకుంది. కట్టంగూర్‌లో సాయమ్మ అనే ఆవిడ ఇలాంటిదే నాలుగేళ్లుగా నడుపుతోందని విని, ఆమెను చూడటానికి బయల్దేరాను.

పొద్దున ఏడున్నరకు బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కబోతే కండక్టర్ ఆపాడు. "గిది కట్టంగూర్‌ల ఆగది సార్. ఎనుక ఆర్డినరీ వస్తాంది, గండ్ల ఎక్కున్రి." ఆర్డినరీ టికెట్ పది రూపాయల లోపే. చిట్యాలలో చాయ్‌కి, నార్కట్‌పల్లిలో జనానికి ఆగుతూ గంటన్నరలో దింపింది. స్టాపు నుంచి పది నిమిషాలు నడిస్తే సాయమ్మ పెంకుటిల్లు వస్తుంది.

అరుగు మీద ఖాసిం అనే తాత కూర్చుని ఒక పిల్లవాడి చొక్కాకు గుండీ కుడుతున్నాడు. ఒకప్పుడు దర్జీ అట. పలకరింపుగా ఉంటుందని, "ఇక్కడ నిన్ను బాగా చూసుకుంటున్నారా తాతా?" అని అడిగాను. అంతే, ఆయన కళ్లద్దాలు తీసేశాడు. "నన్ను సూసుడేంది? గీ పోరగాండ్లను నేను సూస్తున్న! ఒక్క దినం నేను రాకుంటే సాయమ్మ ఆగమైతది!"

మధ్యాహ్నం అన్నం, పప్పుచారు వడ్డించారు. తాత పక్కనే నాలుగేళ్ల పిల్ల కదలకుండా కూర్చుంది. ఎందుకమ్మా అంటే, "తాత బువ్వ ఇడిసిపెడ్తడు. సాయమ్మ నన్ను కావలి పెట్టింది" అని గుసగుసగా చెప్పింది. ఆ పిల్ల తినాలంటే తను ముందు తినాలని తాతకూ ఎవరో చెప్పి ఉంచారు. ఇద్దరూ ఒకరి కంచం ఒకరు చూసుకుంటూ మెతుకు మిగల్చకుండా తిన్నారు.

మా దగ్గరికి పెద్దవాళ్లు ఒక్కరూ రావడం లేదని సాయమ్మతో చెప్పాను. ఆమె నవ్వుతూ, "మీ బోర్డు మీద ఏం రాసిన్రు సార్?" అంది.

"వృద్ధులకు ఉచిత భోజనం, విశ్రాంతి" అన్నాను, కాస్త గొప్పగానే.

"ఇంగ ఎవలొస్తరు! ఉత్తగ తినవోతే కొడుకు ఇజ్జత్ పోదా? ముసలోల్లను సాకుతలేడని ఊరంత అనుకోదా? మనం పెడ్తమంటే రారు సార్. మాతోని అయితలేదు, జర రాండ్రి అంటే ఉరుకొస్తరు."

ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన నాకు ఈ సంగతి తట్టనందుకు సిగ్గేసింది. నాలుగింటికల్లా చౌటుప్పల్‌లో దిగి, ముందు ఆ బోర్డు పీకేశాను. రాజ్యం చంకలో ఏడాది పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ పిల్లను అలాగే ఎత్తుకుని, అంతకుముందు రెండుసార్లు మా ముఖాన తలుపేసిన పోచమ్మవ్వ ఇంటికి పోయాను.

"అవ్వా, నాతోని అయితలేదు" అన్నాను. అది నిజమే.

"మొగోనివి, నీకేడ చాతనైతది? ఇటు తే!" అంటూ లాక్కుంది. మర్నాడు ఎనిమిదింటికి మరో ఇద్దరు అవ్వలను వెంటేసుకుని వచ్చింది. ఇల్లు మాకే ఉండిపోయింది.

సాయం చేయడానికి వెళ్లినవాళ్లం సాయం అడగడం నేర్చుకోవాలని నాకు ఆ ప్రయాణంలో తెలిసింది. ఆ తర్వాత నేను చేసిన పనుల్లో ఇంత తృప్తినిచ్చింది ఇంకొకటి లేదు. ఇలాంటి కేంద్రం పెట్టాలనుకునేవాళ్లకు ఒకటే సలహా: పెద్దవాళ్లను పిలవడానికి కాగితాలతో వెళ్లకండి, ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని వెళ్లండి. నేను చాలా గడపలకు అలాగే వెళ్లాను. పిల్లను తిరిగి నా చేతికిచ్చిన అవ్వ ఒక్కతీ లేదు.