సులోచనక్క కోపానికి సరిపడే సెట్టింగు

మొన్న రాయదుర్గం వెళ్ళే మెట్రోలో ఇద్దరు కుర్రాళ్ళు చేతులతో మాట్లాడుకుంటున్నారు. పెట్టె కిక్కిరిసి ఉన్నా ఈ చివర నుంచి ఆ చివరకి వాళ్ళ కబుర్లు హాయిగా సాగిపోతున్నాయి. ఆ వేళ్ళ వేగం చూడగానే సులోచనక్క గుర్తొచ్చింది.

తొంభైల చివర్లో, హైటెక్ సిటీలో మొదటి భవనాలు లేస్తున్న రోజుల్లో, పుప్పాలగూడలో వాళ్ళింట్లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. అక్కకి పుట్టుకతోనే వినపడదు. ఆవిడ చేతులతో చెప్పేది భర్త యాదగిరన్న నాకు నోటితో చెప్పేవాడు. ఆఫీసులో నాది శిక్షణ వీడియోలు తీసే పని. కొత్త డిజిటల్ క్యామ్‌కార్డర్ వచ్చిందని గొప్పలు చెప్పి నెత్తిమీదికి పని తెచ్చుకున్నాను.

అక్క చెల్లెలు లలితకీ వినపడదు. భర్త పోయాక నిజామాబాదులో అత్తవారింట్లో చాకిరీ చేస్తూ పడి ఉంది. ఇక్కడికి వచ్చెయ్యమని ఉత్తరం రాస్తే ముందు వాళ్ళే చదువుతారు. ఫోను ఎలాగూ పనికిరాదు. అదే చేతుల మాటలతో క్యాసెట్టు పంపితే, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసినా లలిత ఒక్కదానికే అర్థమవుతుంది. ఈ ఉపాయం అక్కదే.

ఆదివారం ఆఫీసులో అడిగి కెమెరా తెచ్చాను. ఉన్నవాటిలో ఏది గొప్పదైతే అది పెట్టడం నా అలవాటు. షార్ప్‌నెస్ చివరికంటా పెంచి, స్కాన్ మోడ్ నిండు ఫ్రేముల మీద, అంటే సెకనుకు ఇరవై అయిదు పూర్తి బొమ్మల మీద ఉంచాను. అక్క చేతుల మాటలు కొంచెం తీసి, ఆపి చూస్తే ఒక్కో బొమ్మా ఫోటోలా ఉంది. మెచ్చుకుంటారని టీవీకి తగిలించాను. అక్క మొహం చిట్లించి చకచకా ఏదో చెప్పింది.

"ఇందుల తను నత్తినత్తిగ మాట్లాడుతున్నదంటమ్మా," అన్నాడు యాదగిరన్న.

ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆసక్తి పుట్టింది. మళ్ళీ చూస్తే నిజమే, వేళ్ళు వేగంగా తిరిగినచోటల్లా గెంతుతున్నాయి. "కాస్త నెమ్మదిగా చెప్పమనండి అన్నా," అన్నాను.

అక్క ఆయన్ని వదిలేసి నావైపే తిరిగి చెప్పింది. ఆయన వెనక నుంచి అందుకున్నాడు. "నిమ్మలంగ చెప్తే కోపం పోతదంట. కోపం లేకుంటే, ఎవరో చెప్పిస్తే చెప్తున్నదనుకుంటదంట లలిత. ఇగ రమ్మన్నా రాదంట."

అంటే మార్చాల్సింది కెమెరానే. స్కాన్ మోడ్ రెండోదానికి తిప్పాను. అందులో సగం సగం గీతల బొమ్మలు సెకనుకు యాభై వస్తాయి. ఆపితే అంచులు దువ్వెన పళ్ళలా కనిపిస్తాయిగానీ, ఆడుతున్నప్పుడు కదలిక ఎక్కడా తెగదు. అక్క తల ఊపింది. తర్వాత షార్ప్‌నెస్. వేళ్ళ చుట్టూ తెల్లటి గీత వచ్చి రెండు వేళ్ళు ఒకటిగా కనిపిస్తున్నాయంది. తగ్గిస్తూ పోతే అరచెయ్యి పిండిముద్ద అయింది. మధ్యకంటే ఒక మెట్టు కింద ఆగమంది. నేనైతే ఆ బొమ్మని మొద్దుగా ఉందని తీసిపారేసేదాన్ని.

అప్పుడు తిట్టింది చూడండి చెల్లెల్ని. "నీకు ఇల్లు లేదా, నేను సచ్చిన్నా అంటున్నది," అని మొదలుపెట్టిన యాదగిరన్న మిగతావి మింగేశాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళు చెమర్చాయి.

మామూలు వీడియో క్యాసెట్టులోకి ఎక్కించి పోస్టు చేశాం. వారాలు గడిచినా జవాబు లేదు. అక్క వీధిలోకి వచ్చి చూసి లోపలికి పోతుండేది. ఆవిడకంటే నాకే భయంగా ఉండేది, ఏదో ఒక వేలు సరిగ్గా కనపడలేదేమోనని.

ఒక పొద్దున ఇంటిముందు ఆటో ఆగింది. లలిత దిగి, లోపలున్న కుట్టుమెషిను దించమని సైగ చేసింది. చూసిపోదామని వచ్చేవాళ్ళు కుట్టుమెషిను తెచ్చుకోరు. అక్కాచెల్లెళ్ళు వీధిలోనే నిలబడి పోట్లాడుకున్నారు. ఆ చేతుల్ని నా కెమెరా ఏ మోడ్‌లోనూ అందుకోలేకపోయేది.

అక్క ఇప్పుడు లేదు. నేనింకా వీడియోలే తీస్తున్నాను. బొమ్మ బాగుందని పక్కవాళ్ళు మెచ్చుకుంటున్నప్పుడు, అందులోని మనిషి కోపం పూర్తిగా వచ్చిందా అని మళ్ళీ ఒకసారి వెనక్కి తిప్పి చూస్తాను.