తెర వెనక దారం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఎవరో కట్టిన ఇల్లు కొని చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. అని ఉంటే కర్టెన్లమ్మ వినేదా అంటే, అదీ అనుమానమే. ఆవిడ ఎవరి మాటా వినే రకం కాదు.

కర్టెన్లమ్మ అన్నది పేరు కాదు, పనిని బట్టి జనం పిలిచే పిలుపు. బజారు చివర మెట్ల కింద ఇరుకు గదిలో కుట్టు మిషను వేసుకుని, ఊళ్లోవాళ్ల కిటికీలకూ గుమ్మాలకూ కర్టెన్లు కుడుతుంది. ఎవరింటికి వెళ్లినా ముందు కిటికీ వంక చూస్తుంది, తర్వాతే మనిషి వంక. అంతటి పనిమంతురాలికి తనదంటూ కిటికీ ఒక్కటి లేదు. పుట్టింది అద్దె గదిలో. కాపురానికి వచ్చింది అద్దె వాటాలోకి. గోడకు మేకు కొట్టిన చప్పుడైతే చాలు, ఇంటివాళ్లు మేడ మీద నుంచి పరుగెత్తుకొచ్చేవారు. క్యాలెండరైనా కిటికీ ఊచకు దారం కట్టి వేలాడదీయాల్సిందే. కూతురు పుట్టినప్పటి ఫోటోకు అద్దం కట్టించి కూడా ఇన్నేళ్లూ పెట్టె అడుగునే దాచింది. "మన గోడ వచ్చాక పెడదాం" అనేది. వింటున్నవాళ్లు నవ్వుకునేవారు.

ఆ గోడ చివరికి వచ్చింది. పాతదే కానీ పైనుంచి కింద దాకా కొత్త రంగు వేసి, పెళ్లికూతురిలా తయారు చేసి ఉంచారు ఇంటిని. చూసిన క్షణంలోనే మనసు పారేసుకుంది. ఆమె భర్త బస్సు డ్రైవరు. బండి ఎక్కేముందు బ్రేకులు చూసుకునే అలవాటు మనిషిది. "ఒక్కసారి మేస్త్రీకి చూపిద్దామే" అన్నాడు నెమ్మదిగా.

"మీరు మేస్త్రీని వెతుక్కొచ్చేలోగా ఇంకొకడు తాళం వేసుకుని కూర్చుంటాడు. నాకు కళ్లు లేవా? గోడలు అద్దంలా ఉన్నాయి."

"గోడలు కాదే, లోపల..."

"లోపల ఏముంటుంది, ఇటుకలుంటాయి!"

ఇంట్లో స్టీరింగు తన చేతిలో లేదని ఆయనకు ఎప్పుడో తెలుసు.

దిగిన మొదటి వారం ఇల్లంతా జాతరే. ఏ గదికి ఏ రంగు గుడ్డ, ఏ గుమ్మానికి ఎన్ని మడతలు అని ఆమెకు ఒకటే హడావిడి. గొడవ ఒక్కదాని దగ్గరే వచ్చింది. తామిద్దరూ పడుకునే ముందు గదిలో డ్రైవరు బీరువాను తోసుకెళ్లి కిటికీకి సగం అడ్డంగా పెట్టాడు.

"అదేంటండీ! వెలుతురంతా పోతోంది. పక్కకి జరపండి."

"అది అక్కడే ఉండాలి."

"ఎందుకుండాలి?"

"ఉండాలి, అంతే."

పెళ్లయ్యాక ఆయన అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. ఇల్లుగలవాడినయ్యానని టెక్కు కాబోలు అనుకుని, పోనీలెమ్మని వదిలేసింది. అప్పుడు వదలకుండా ఉండాల్సింది.

వెనక గది అత్తగారికీ చిన్నదానికీ ఇచ్చారు. చిన్నదంటే ఆ ఫోటోలోని కూతురే. ఇప్పుడు బడికెళ్తోంది, ముందు పళ్లు ఊడి ఉన్నాయి. నానమ్మ పక్కన తప్ప నిద్రపోదు. మంచాన్ని గోడ వారగా వేశారు, పిల్ల గోడవైపు పడుకుంటుంది. ఆ మంచానికి పైనే ఫోటో పెట్టాలని కర్టెన్లమ్మ ఆశ. ఇంట్లో ఎవరూ లేని పూట సుత్తి పట్టుకుని, స్టూలెక్కి, సొంత గోడకు జీవితంలో మొదటి మేకు కొట్టింది.

మేకు ఇట్టే దిగిపోయింది. గోడ కాదు, రొట్టె ముక్క అన్నట్టు దిగింది. ఆమె వెనక్కి లాగితే మేకుతో పాటు అరచేతి వెడల్పున రంగూ పూతా ఊడి మంచం మీద పడ్డాయి. దాని కింద సన్నని గీత. గోళ్లతో ఇంకాస్త గీకింది. గీత పైకి పోతోంది. ఇంకా గీకింది. కిందికీ పోతోంది. కప్పు మూల నుంచి పిల్ల తలగడ దాకా, కుట్టు విడిపోయిన గుడ్డలా గోడ చీలి ఉంది. దాన్ని పూడ్చి, పైన రంగు కొట్టి అమ్మారు. పైన పటారం, లోన లొటారం.

స్టూలు మీదే కూర్చుండిపోయింది. మొదట ఏం తోచిందో చెబితే మీరు ఆవిడను తిడతారు, కానీ తోచింది అదే. 'ఆయన మేస్త్రీని పిలుద్దామన్నాడు. నేనే వద్దన్నాను.' రెండోది: 'మళ్లీ అద్దె ఇంటికి పోవాలి.' పిల్ల సంగతి మూడోదిగా తోచింది. ఆ వరస తలుచుకుని తర్వాత ఎన్నిసార్లు తన తల తాను కొట్టుకుందో లెక్కలేదు.

దొంగకు తేలు కుట్టినట్టయింది. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. ఫోటోను మళ్లీ పెట్టెలో పెట్టేసింది. పడ్డ పూతంతా ఊడ్చేసింది. సాయంత్రానికల్లా షాపులోని తానుల్లో మంచిది కోసి, ఆ గోడ మొత్తానికి నీలం కర్టెను కుట్టేసింది. రాడ్డు బిగించడానికి వచ్చినవాడిని ఆ గోడ మీద డ్రిల్లు పెట్టనివ్వలేదు. అటుగోడకూ ఇటుగోడకూ మధ్య బిగించమంది. "కిటికీ లేని గోడకి కర్టెనేంటే అమ్మాయ్, గోడకి సిగ్గా?" అంది అత్తగారు.

"ఇప్పుడదే ఫ్యాషన్ అత్తయ్యా."

వచ్చినవాళ్లంతా ఆ కర్టెను చూసి ముచ్చటపడ్డారు. పక్కవీధి టీచరమ్మ అయితే తమ ఇంటికీ అలాంటిదే కావాలంది. కర్టెన్లమ్మ నవ్వింది. నవ్వుతూనే కర్టెను అంచును ఇంకాస్త గోడ దాకా లాగింది.

పగులు పాతదేమో, ఇక కదలదేమో అని ఒక ఆశ. అది తేల్చుకోవడానికి తనకు తెలిసిన పనే చేసింది. తెల్ల దారం ముక్క తీసుకుని, పగులుకు అడ్డంగా బిగుతుగా లాగి, రెండు కొసలూ జిగురుతో గోడకు అంటించింది. గోడ విడితే దారం తెగుతుంది. తెగలేదంటే గోడ కదల్లేదన్నట్టే. మనుషులు అబద్ధాలు చెప్తారు కానీ దారం చెప్పదని ఆమె నమ్మకం. దారం తెగిన రోజు భర్తకు చెప్పేయాలని తనకు తాను ఒట్టు పెట్టుకుంది.

ఇక అది మొదలు రోజూ పొద్దున భర్త డ్యూటీకీ పిల్ల బడికీ వెళ్లాక, అత్తగారు వీధరుగు మీద చేరాక, వెనక గదిలోకి పిల్లిలా వెళ్లి కర్టెను అంచు కొంచెం ఎత్తి చూసేది. దగ్గరికి వెళ్లి చూసే ధైర్యం లేదు. తెల్ల గీత అటునుంచి ఇటు కనిపించగానే 'అమ్మయ్య' అని వదిలేసేది.

కానీ భయానికి దారంతో పనేముంది? పక్క స్థలంలో పెద్ద కట్టడం కోసం పునాదులు తవ్వుతున్నారు. మట్టి తవ్వే యంత్రం బకెట్టు నేలకు కొట్టినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి, ఆమె చేతిలో గరిటె ఆగిపోయేది. వెనక గది తలుపు ఒక రోజు మూసుకోనంది. వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించింది. వానకు ఉబ్బిందని అందరికీ చెప్పింది. ఎండలు మండిపోతుంటే! పిల్లకు జడ వేస్తుంటే జుట్టులో తెల్లటి పొడి రాలింది. "సుద్దముక్కలతో ఆడకే" అని కసిరింది. పిల్ల తల వంచుకుంది. షాపులో ఫోను మోగితే చాలు, సూది వేలికి గుచ్చుకునేది. ఎత్తేలోపు మంచం మీద కూలిన గోడ, దాని కింద చిన్న చెయ్యి కళ్లముందు కనబడేవి. తీరా ఎత్తితే అవతల ఎవరో, "మా కర్టెన్లు ఎప్పటికిస్తారమ్మా?" అనేవారు.

"పిల్లని మన గదిలో పడుకోబెట్టుకుందామండీ" అందొక రోజు.

"ఏం, ఎందుకు?" అని డ్రైవరు ఉలిక్కిపడ్డట్టు అడిగాడు. ఆ ఉలికిపాటు చూసి తన గుట్టు తెలిసిపోయిందేమోనని ఈమె హడలిపోయి, "ఊరికే అన్నాలెండి" అని మాట మార్చేసింది. దారం తెగలేదుగా అనుకుంది.

ఆ నీలం కర్టెను ఉతుకుదామని విప్పడంతో గుట్టంతా బయటపడింది. అత్తగారు గదిలోనే మంచం మీద కూర్చుని దువ్వుకుంటోంది. కర్టెన్లమ్మ కళ్లజోడు పెట్టుకుని ఉంది, కొక్కేలు తీస్తోంది కాబట్టి. గుడ్డ కిందికి జారగానే మొదటిసారిగా దారం ఎదురుగా, దగ్గరగా కనిపించింది. చెయ్యి దానంతటదే వెళ్లి దారం మీద పడింది. వేలికి ముడి తగిలింది.

ఆమె ముడి వెయ్యలేదు.

వేలు జరిపింది. ఇంకో ముడి. ఇంకాస్త జరిపితే మూడోది. మధ్యలో దారం రంగు కూడా వేరు, తెలుపే కానీ పాలమీగడ తెలుపు. ఆ దారం ఎవరి డబ్బాలో ఉంటుందో ఆమెకు తెలుసు.

"అత్తయ్యా, ఈ దారం... మీరు ముట్టుకున్నారా?"

అత్తగారి దువ్వెన ఆగింది. ఆవిడ వయసులో ఉన్నప్పుడు గోనెసంచుల మిల్లులో కుట్టేది. అక్కడ దారం తెగితే మిషను ఆపకూడదు. ఆపితే మేనేజరు తిట్లు. కళ్లు మూసుకుని ముడేసి సాగిపోవాలి. మిల్లు మూతపడి ఎన్నేళ్లయినా ఆ చేతులకు ఆ బుద్ధి పోలేదు.

"కోప్పడకే అమ్మాయ్. ఏదో కొలతకి కట్టుకున్నావనుకున్నా. దొర్లేటప్పుడు నా చెయ్యి తగిలి తెగిందేమో. నీ దారం జోలికెళ్తే ఇల్లెక్కి అరుస్తావుగా, అందుకని గప్‌చుప్‌గా ముడేసేశా."

"ఎన్నిసార్లు?"

"తెగినప్పుడల్లా. కొసలు అందేవి కావే. నా దారం ముక్క అతకాల్సొచ్చేది. ఒకసారి అతికినది చాలనుకుంటే మళ్లీ చాలేది కాదు, ప్రతిసారీ పొట్టి అయిపోయేది."

ప్రతిసారీ పొట్టి అయిపోయేది! అత్తగారికి చూపు ఆనదు, పగులును రంగు లేచిందనుకుంది. తనకు చూపుంది, దగ్గరికెళ్లి చూసే దమ్ము లేకపోయింది. తెగని దారాన్ని నమ్ముకుని పిల్లను రోజూ ఆ గోడ పక్కన పడుకోబెట్టింది. "లేవండి అత్తయ్యా, ముందు లేవండి" అంటూ ఆవిడను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి వీధరుగు మీద కూర్చోబెట్టింది. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన భర్త చెప్పులు విప్పకముందే, ఉన్నదంతా కక్కేసింది. మేకు, పగులు, కర్టెను, దారం. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

డ్రైవరు తిట్టలేదు. లోపలికెళ్లి బీరువాకు భుజం ఆనించి పక్కకు నెట్టాడు. దాని వెనక గోడ మీద పిడికిలి పట్టేంత వెడల్పున ఇంకో పగులు.

"దిగిన రోజే చూశా. అప్పుడింత లేదు. ఇన్నాళ్లకి ఇల్లొచ్చిందని నువ్వు సంబరపడుతున్నావు, ఆ మొహం చూసి చెప్పలేకపోయానే" అన్నాడు.

"చెప్పాల్సిందండీ" అంది ఆమె. అనే హక్కు తనకు లేదని తెలిసీ అంది.

మేస్త్రీని అప్పుడు పిలిచారు. ఆయన గుమ్మంలో నిలబడి "ఏ గోడమ్మా?" అని అడిగితే, పెళ్లాం వెనక్కీ మొగుడు ముందుకీ చెయ్యి చూపించారు. మేస్త్రీ లోపలికి రానేలేదు. ఇంటి చుట్టూ తిరిగి, పక్క గోతిలోకి తొంగిచూసి, గబగబా తిరిగొచ్చాడు.

"గోతికి ఆసరా పెట్టకుండా తవ్వారు. మీ పునాది కింద మట్టి అటు జారిపోతోంది. మొదట్లోనే పిలిచుంటే ఆపేవాళ్లం. సామాన్లు తర్వాత చూసుకోవచ్చు, ముందు మనుషులెవరూ లోపలుండొద్దు."

అలా ఇల్లుగలవాళ్లు వీధిలో నిలబడ్డారు. అత్తగారి చేతిలో దువ్వెన అలాగే ఉంది. యంత్రాన్ని ఆపించడానికి మేస్త్రీ పక్క స్థలంలోకి వెళ్లాడు. అరుపులు వినిపిస్తున్నాయి.

బడి నుంచి చిన్నది వచ్చింది. అందరూ రోడ్డు మీద ఉండటం చూసి అడుగు తగ్గించింది. "ఎందుకు బయటున్నారు?" అంది.

డ్రైవరు తల్లి వంక చూశాడు. తల్లి కోడలి వంక చూసింది. ఇంకా అదే వరస! కర్టెన్లమ్మకు తన మీదే మండుకొచ్చింది. పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, "నీ మంచం పక్క గోడ పగిలిందమ్మా. నాకు తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదు. తప్పు చేశాను" అంది.

"నాకూ తెలుసు" అంది పిల్ల.

"ఎప్పట్నుంచే?"

"కర్టెను పెట్టినప్పట్నుంచి. చెప్తే నువ్వు ఏడుస్తావని చెప్పలేదు." చూపుడు వేలు ఎత్తి, తల్లి కళ్లముందు పెట్టింది. "నిద్ర పట్టకపోతే అందులో పెట్టుకుంటాగా. మొదట్లో గోరొక్కటే పట్టేది."

"ఇప్పుడు?"

పిల్ల మిగతా వేళ్లు కూడా చాపి, చెయ్యంతా చూపించింది.