మా నాన్నకు టీ పడదని చెప్పిన రోజు

తను పుట్టిన ఊళ్ళో కుమ్మరింటి అరుగు మీద కూర్చుని, వాళ్ళ గిన్నెతో ఏదైనా తాగి రావాలని మా నాన్నకు చిన్నప్పటి కోరిక. ముప్పై ఏళ్ళు బడిపంతులుగా చేసి, హెడ్మాస్టరుగా రిటైరైన మనిషికి ఇదేం కోరిక అని నాకు ఒళ్ళు మండేది. "వాళ్ళు పోసే మజ్జిగ కోసమా నాన్నా నువ్వు ఇంత చదువుకుంది?" అని ఒకసారి అనేశాను కూడా. నాన్న కోప్పడలేదు. "మజ్జిగ కోసం కాదమ్మా, గిన్నె కోసం," అన్నాడు.

నాన్న పుట్టింది ఘంటసాలకు దగ్గర్లో ఒక చిన్న ఊరు. ఊరి చివర క్రైస్తవ పేట మాది. మా తాతయ్య రోజుల్లోనే యేసుని నమ్ముకున్నాం గానీ ఊరి దృష్టిలో పేట పేటగానే ఉండిపోయింది. దాహమేస్తే మా వాళ్ళకు నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు. కుండ కొనడానికి వెళ్ళినా అదే వరస. ఊళ్ళో వాళ్ళందరూ కుండను వేళ్ళతో వాయించి చూసి, ఖంగుమంటే తీసుకునేవాళ్ళు. మా నాయనమ్మ మాత్రం దూరం నుంచి వేలెత్తి చూపించాలి. ముట్టుకుంటే కొన్నట్టే. ఇంటికొచ్చి నీళ్ళు పోశాక గానీ ఆవిడకు పగులు సంగతి తెలిసేది కాదట.

ఆ కుమ్మరి కొడుకూ మా నాన్నా ఒక ఈడువాళ్ళు. చెరువులో మట్టి తవ్వి తెచ్చేటప్పుడు ఇద్దరూ ఒకే తట్ట మోసేవాళ్ళట, చెరో పక్కా పట్టుకుని. మట్టికి అంటు లేదు. అదే మట్టి కుండయి కాలాక వచ్చేది.

ఈ సంగతి జరిగేనాటికి నేను విజయవాడలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. పటమటలో అద్దె ఇల్లు. అమ్మ పోయాక నాన్న నా దగ్గరే ఉన్నాడు. రెండు వేల రెండో మూడో సరిగా గుర్తులేదు, వరి కోతలైపోయి మినుము చేలు పచ్చగా ఉన్న రోజులు. మా చర్చి గెస్ట్‌హౌసులో ఒక జపాన్ ఆవిడ దిగింది. అరవై దాటిన బక్కపల్చని మనిషి. బౌద్ధ స్తూపాలు చూసుకుంటూ ఒక్కతే తిరుగుతోంది. అమరావతి అయింది, ఇక ఘంటసాల చూడాలంది. నన్ను తోడు తీసుకెళ్ళమని పాస్టరుగారు పంపితే, ఆవిడ మా ఇంటికొచ్చి కూర్చుంది. తను తన ఊళ్ళో మట్టిగిన్నెలు చేస్తుందనీ, అటువైపు చేత్తో కుండలు చేసేవాళ్ళెవరైనా ఉంటే చూడాలనుందనీ చెప్పింది. నాకు తెలియదని చెప్పబోతున్నాను. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి, "ఉన్నారు," అన్నాడు.

నాన్న తరఫున మాట్లాడ్డం నాకు అలవాటు. బ్యాంకులో, ఆసుపత్రిలో, చివరికి కూరగాయల బండి దగ్గర కూడా ఆయన నోరు తెరిచేలోపే నేను చెప్పేసేదాన్ని. అమ్మ ఉన్న రోజుల్లో, "ఆయన నోరు కూడా నువ్వే పెట్టుకున్నావా తల్లీ?" అని దెప్పేది. నేను అది ప్రేమ అనుకునేదాన్ని. చాలా మటుకు ప్రేమే.

మర్నాడు పొద్దున్నే అంబాసిడర్ కారు మాట్లాడుకుని ఆవిణ్ణి ఎక్కించుకుని బందరు రోడ్డెక్కాం. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. చర్చికి తప్ప ఆ చొక్కా బయటికి తీయడు. ఉయ్యూరు దగ్గర చెరకు బళ్ళు అడ్డం పడి కారు ఆగిపోయింది. ఆ ఖాళీలో ఆవిడ తన సంచిలోంచి గుడ్డలో చుట్టిన గిన్నె ఒకటి తీసి చూపించింది. నల్లటి గిన్నె, దళసరిగా, ఒక పక్క కాస్త ఒరిగి ఉంది. ఎక్కడికెళ్ళినా అదీ, ఒక చిన్న డబ్బాలో పచ్చ టీపొడీ వెంట ఉంచుకుంటానంది. ఎవరైనా మట్టిపని వాళ్ళింటికి వెళితే తనే టీ కలిపి ఇస్తుందట. చిక్కగా కలిపిన టీ. ఒకటే గిన్నె. ఒకరు తాగి, అంచు తుడిచి, పక్కవాళ్ళకిస్తారు. అందరూ అందులోనే తాగుతారు.

నాన్నకు ఇంగ్లీషు బాగా వచ్చు. పూర్తిగా వెనక్కి తిరిగి, "అందరికీ ఒకటే గిన్నెనా?" అని అడిగాడు.

"ఒకటే," అంది ఆవిడ.

"మా ప్రభు భోజనంలో కూడా అంతే," అన్నాడు నాన్న. మళ్ళీ, "ముందు ఎవరు తాగాలి?" అన్నాడు.

"వచ్చినవాళ్ళలో పెద్దవారు."

నాన్న మళ్ళీ ముందుకు తిరిగి రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. వెనక సీట్లోంచి చెవులు మాత్రమే కనిపిస్తున్నా ఆయన సంతోషం నాకు తెలుస్తూనే ఉంది. నేను మాత్రం వరస లెక్కేసుకున్నాను. వచ్చినవాళ్ళలో పెద్ద మా నాన్నే. ఆయన తాగాక గిన్నె వెళ్ళేది నాన్నతో తట్ట మోసిన ఆ కుమ్మరాయన చేతికి. ఆయన తాగుతాడా? తాగకుండా పక్కన పెడితే, ఆ పరాయి దేశపు మనిషి ముందు, ఈ వయసులో, మా నాన్న మొహం ఎలా చూడాలి? పామర్రు దాటే వరకూ నా ఆలోచన ఇదే.

కుమ్మరాయన ఇల్లు ఊరి నడి వీధిలోనే ఉంది. పెంకుటిల్లు, ముందు అరుగు, పక్కన కుండలు కాల్చే ఆవం. ఆయన సారె చక్రం ముందు నుంచి లేచి, మట్టి చేతులు లుంగీకి తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "మాస్టారూ, ఎన్నాళ్ళకండీ!" అన్నాడు. "బాగున్నారా అండీ?" అన్నాడు నాన్న. చిన్నప్పుడు ఒకాయన "ఒరేయ్" అంటే ఇంకొకాయన "అయ్యా" అనేవాడట. ఇప్పుడు ఇద్దరూ ఒకరినొకరు అండీలతో ముంచెత్తుకుంటున్నారు.

జపాన్ ఆవిడకు ఇవేం పట్టలేదు. నేరుగా మట్టి దగ్గరకెళ్ళి చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపి, నాలిక మీద వేసుకుంది. కుమ్మరాయన పకపకా నవ్వాడు. "మా నాయనా అంతేనండీ, నాకి చూసేవోడు." ఆయన సారె తిప్పి ఒక ముంత చేసి చూపించాడు. ఆవిడ కూడా కూర్చుంది గానీ, కర్రతో తిప్పే సారె అలవాటు లేక మట్టి ఎగిరి ఆవిడ కళ్ళజోడు మీద పడింది. ఆయన ఆవిడ గిన్నె తీసుకుని వేలితో వాయించి, ఒరిగిన పక్క చూసి, "ఇది సొట్టబోయింది కదండీ, మాకైతే ఇట్టాంటిది సంతలో కూడా పోదు," అన్నాడు. నేను ఇంగ్లీషులో చెబితే ఆవిడ నవ్వుతూ దణ్ణం పెట్టింది. ఇంత బాగా గడిచిన పొద్దులు నేను జీవితంలో కొన్నే చూశాను.

తర్వాత ఆయన మాకోసం వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు. ఆవిడ కుర్చీ వద్దని అరుగెక్కి మోకాళ్ళ మీద కూర్చుంది. మమ్మల్నీ రమ్మని చెయ్యూపింది. నాన్న ఒక్క క్షణం ఆగాడు. కుమ్మరాయన, "రండి మాస్టారూ," అన్నాడు. నాన్న చెప్పులు విడిచి అరుగెక్కాడు. సగం కోరిక తీరిందనుకున్నాను.

లోపల్నుంచి కోడలు స్టీలు గిన్నెలో వేణ్ణీళ్ళు తెచ్చి పెట్టింది. ఆవిడ డబ్బా మూత తీసింది. గోరింటాకు పొడి లాంటి పొడి. గిన్నెలో వేసి, నీళ్ళు పోసి, చిన్న వెదురు కవ్వంతో నెమ్మదిగా కలిపింది. కోసిన పచ్చగడ్డి వాసన వచ్చింది. వీధిలో సైకిలు బెల్లు కూడా పెద్దగా వినిపించింది.

ఆవిడ గిన్నెను రెండు చేతులతో ఎత్తి నాన్న వైపు తిరిగింది. నాన్న రెండు చేతులూ ముందుకు చాచాడు, చర్చిలో చాచినట్టే.

అప్పుడు నేను తలెత్తి గుమ్మం వైపు చూశాను. కుమ్మరాయన భార్య అక్కడ నిలబడి ఉంది. ద్వారబంధం పట్టుకుని గిన్నె వంకే చూస్తోంది. ఆ చూపులో ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు. వింతగా చూస్తోందేమో. ఆ క్షణంలో మాత్రం నాకంతా తెలిసిపోయిందనుకున్నాను.

"మా నాన్నకు టీ పడదు. కడుపులో పుండు," అని ఇంగ్లీషులో అనేశాను.

పుండు మాట అబద్ధం కాదు, ఎప్పుడో పదేళ్ళ కిందటిది, మానిపోయింది. నాన్న రోజూ రెండు పూటలా టీ తాగుతాడు. ఆవిడ వెంటనే తలవంచి, నొచ్చుకుంటున్నట్టు ఏదో అని, గిన్నెను కుమ్మరాయన వైపు తిప్పింది. నాన్న చేతులు గాల్లో కాసేపుండి, వెనక్కొచ్చి మోకాళ్ళ మీద పడ్డాయి. ఆయన నా వైపు చూడలేదు.

కుమ్మరాయనకు ఇంగ్లీషు రాదు. నేనేమన్నానో ఆయనకు తెలియదు. ఇంటి యజమానికే ముందు ఇస్తారు కాబోలనుకుని తీసుకుని తాగాడు. మొహం చిట్లించి, "కషాయంలా ఉందండీ," అన్నాడు. ఆవిడ చూపించినట్టే కండువా కొసతో అంచు తుడిచాడు. తుడిచి, తనంతట తనే, గిన్నెను నాన్న ముందుకు చాపాడు. "తీసుకోండి మాస్టారూ."

ఇప్పుడు నాన్న నా వైపు చూశాడు. తాగితే నేను ఆ పెద్దావిడ ముందు అబద్ధాలకోరునవుతాను. అది ఆలోచించడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు.

"నాకు పడదండీ," అన్నాడు. "కడుపులో పుండు."

కుమ్మరాయన గిన్నె పట్టుకుని అలాగే ఉన్నాడు. ఆయన మొహంలో రంగు తగ్గింది. "అంతేలెండి మాస్టారూ," అన్నాడు మెల్లగా. "ఆ రోజుల్లో మేం ఇచ్చామా, ఇయ్యాల మీరు పుచ్చుకోటానికి!"

"అది కాదండీ," అన్నాడు నాన్న. అని ఆగిపోయాడు. అది కాకపోతే ఏమిటో చెప్పాలంటే కూతురి పేరు ఎత్తాలి. గిన్నె నా చేతికొచ్చింది. తాగాను. చేదుగా, వేడిగా ఉంది. ఆవిడ మాత్రం మా అందరి వంకా చూసి చిరునవ్వు నవ్వుతోంది.

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు. ఏడాది పాటు చేసిన కుండలు ఒక్క దుడ్డుకర్ర దెబ్బకు పోతాయి. అరవై ఏళ్ళు పట్టి ఆ ఇద్దరూ ఆ అరుగు దాకా వచ్చారు. నాకు ఒక్క మాట చాలింది.

ఘంటసాల స్తూపం చూసి సాయంత్రానికి వెనక్కి బయలుదేరాం. నాన్న స్తూపం గురించి తనకు తెలిసినంతా ఆవిడకు చెప్పాడు. నాతోనూ మామూలుగానే మాట్లాడాడు. కంకిపాడు దగ్గర ఆవిడ, "నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగింది. లేదని నేనే చెప్పాను. అదీ నేనే.

ఇంటికొచ్చి, చొక్కా విప్పి హ్యాంగరుకు తగిలిస్తున్న నాన్నతో, "ఆయన తాగకపోతే నీకెంత అవమానం నాన్నా, అందుకే అలా అన్నాను," అన్నాను. నా గొంతులో ఇంకా దబాయింపే ఉంది.

"పడితే నేను పడేవాణ్ణి కదమ్మా," అన్నాడు నాన్న. "నాకు అలవాటేగా."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మళ్ళీ తీసుకెళ్తానని అన్నాను గానీ పరీక్షలనీ, పేపర్లు దిద్దడమనీ జరగలేదు. వానాకాలం మొదట్లో ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి నాన్న ఇంట్లో లేడు. సాయంత్రం బస్సు దిగి వచ్చాడు. అదే ఇస్త్రీ చొక్కా, మోకాళ్ళ దాకా బురద. ఎక్కడికెళ్ళాడో అడగక్కర్లేకపోయింది. ఫ్యాను కింద కూర్చున్నాక చెప్పాడు.

"పుండు మానిపోయిందని చెప్పానమ్మా. ఆయన చాలా సంతోషపడ్డాడు. అరుగు మీదే కూర్చోబెట్టి టీ ఇప్పించాడు."

"ఎందులో ఇచ్చారు?" నా నోరు ఆగలేదు.

"ప్లాస్టిక్ గ్లాసుల్లో. ఆయనా అందులోనే తాగాడు. ఇప్పుడు ఇంటికెవరొచ్చినా అవేనంట. కోడలికి తోమే పని తప్పిందంట."

"అయితే ఇంకేం నాన్నా, అందరికీ ఒకటేగా!"

"ఒకటే," అన్నాడు నాన్న. "తాగి పారేశాం."

కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. గొంతులో కోపం లేదు. బళ్ళో పిల్లలకు లెక్క ఎక్కడ తప్పిందో చూపించే గొంతు అది.

"నేను తాగిన గిన్నెతో ఆయన తాగుతాడో లేదో ఆ రోజు తెలిసేదమ్మా," అన్నాడు. "తాగకపోయినా తెలిసేది."